అసలూ నకలూ

ఫోన్లో మీ అప్పు వాయిదాల లెక్క చూసుకుంటారు కదా! చాలాచోట్ల మీకు కనబడేది అసలు లెక్క కాదు, దాని నకలు. అసలు డేటాబేస్ మీద భారం పడకుండా వేరే కంప్యూటర్లో అచ్చం అలాంటిదే మరొకటి నడుపుతారు. అసల్లో జరిగే ప్రతి మార్పూ ఓ చిట్టాలోకి ఎక్కుతుంది. నకలు ఆ చిట్టాను వరసగా చదువుకుంటూ తానూ అలాగే రాసుకుంటుంది. దీన్నే రెప్లికేషన్ అంటారు. రెండింటికీ తేడా రాకుండా చూడటం నా ఉద్యోగం.

కొన్నేళ్ల క్రితం ఓ ఫైనాన్స్ సంస్థ నుంచి మాకు కబురొచ్చింది. నెల వాయిదా కట్టేసిన ఓ పెద్దాయనకు ‘ఇంకా కట్టలేదేం?’ అంటూ రోజూ ఫోన్లు వెళ్తున్నాయి. రసీదు ఆయన చేతిలో ఉంది. అసలు డేటాబేస్‌లో జమ ఉంది. ఫోన్లు చేసేవాళ్లు చూసే నకల్లో లేదు. విచిత్రమేమిటంటే, తెర మీద అన్నీ పచ్చదీపాలే!

తవ్వితే సంగతి బయటపడింది. ఎవరో నకల్లో నేరుగా ఓ పరీక్ష పద్దు రాశారు. తర్వాత పెద్దాయన జమ అదే నంబరుతో అసలు నుంచి వచ్చింది. ఒకే నంబరు మీద రెండు పద్దులు కుదరవు. మైఎస్‌క్యూఎల్‌లో అప్పుడు 1062 అనే ఎర్రర్ వస్తుంది, నకలు అక్కడే ఆగిపోతుంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ‘ఆ ఒక్కటీ వదిలేసి ముందుకెళ్లు’ అని ఆదేశమిచ్చారు. బండి కదిలింది. వదిలేసింది మాత్రం ఓ మనిషి కట్టిన డబ్బును!

ఆ ఒక్క పద్దూ దిద్దేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఇంకెన్ని తేడాలున్నాయో ఎవరికి తెలుసు? రెండువైపులా పట్టికల చెక్‌సమ్‌లు తీసి పోల్చాం. మరికొన్ని తేలాయి. దాంతో అసలు నుంచి మొత్తం కొత్తగా కాపీ తీశాం. ఆ క్షణానికి చిట్టా ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకుని, నకలును అక్కణ్నుంచే చదవమన్నాం. ఆపైన అందులో ఎవరూ చెయ్యి పెట్టకుండా ‘చదవడానికి మాత్రమే’ అని తాళం వేశాం. తెల్లారేసరికి పెద్దాయన జమ నకల్లోనూ కనిపించింది.

ఈ పనిలో తొందర పనికిరాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో వెనకబడిన నకలును బాగుచేయబోయి, ఓ ఇంజినీరు పొరపాటున అసలు డేటానే చెరిపేశారు. పోయింది దాదాపు 300 జీబీ. సుమారు ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. అందుకే మేం పాత నకలును వెంటనే చెరపం, పక్కన పెడతాం. ఆదేశం కొట్టే ముందు ఏ కంప్యూటర్ మీద ఉన్నామో పక్కవాళ్ల చేత పైకి చదివిస్తాం.

మీకెప్పుడైనా ‘మా కంప్యూటర్లో అలా లేదండీ’ అన్న జవాబొస్తే, ‘మీరు చూస్తున్నది అసలా, నకలా?’ అని అడగండి. రసీదు మాత్రం పారేయకండి.