పొగ కాదురా, ఆవిరి

చిన్నప్పుడు పాల్వంచలో దిక్కులు చెప్పడానికి మాకు సూర్యుడితో పని ఉండేది కాదు. టవర్ల వైపు, కిన్నెరసాని వైపు అంటే సరిపోయేది. డమరుకాల్లా నడుం సన్నబడ్డ థర్మల్ ప్లాంటు కూలింగ్ టవర్ల నోళ్లలోంచి రాత్రనకా పగలనకా తెల్లటి మేఘం లేస్తూనే ఉండేది. బడిలో బొమ్మ గీయమంటే అందరం టవర్లే గీసేవాళ్లం. పైన పొగ తప్పనిసరి.

"పొగ కాదురా, ఆవిరి" అనేవాడు నాన్న. ఆయనది బాయిలర్ సెక్షన్. పొగ పోయేది పక్కనున్న చిమ్నీలోంచి. ఈ పాఠం ఆయన పొయ్యి మీద అన్నం గిన్నె మూత ఎగిరెగిరి పడుతున్నప్పుడు చెప్పేవాడు. సింగరేణి బొగ్గును మిల్లులో పిండిలా ఆడించి బాయిలర్‌లోకి ఊదుతారు. నీళ్లు ఆవిరై టర్బైన్‌ను నిమిషానికి 3,000 చుట్లు తిప్పుతాయి. పని అయిపోయిన ఆవిరిని మళ్లీ నీళ్లు చెయ్యాలిగా, అందుకు వాడిన నీళ్ల వేడి టవర్లోంచి పోతుంది. బొగ్గు వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటు అవుతుందట. అంటే నేను అంత మురిపెంగా రంగులేసింది దండగపోయే వేడికన్నమాట.

1966లో మొదటి 60 మెగావాట్ల యూనిట్ నడిచిన నాటి నుంచీ ఆ పొయ్యికి పండగల్లేవు. మా ఇంటికీ లేవు. నాన్న నైట్ డ్యూటీ దిగొచ్చి పడుకుంటే పగలంతా మాకు గుసగుసలే. కుక్కర్ విజిల్‌క్కూడా అమ్మ ఉలిక్కిపడేది. చల్లారిన బాయిలర్‌ను లైటప్ చేసి లోడు మీదికి తేవాలంటే గంటలు పడుతుంది. అప్పుడప్పుడూ యూనిట్ ఆగితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి గర్జించేది. కిటికీలు అదిరేవి. అమ్మ ఒక్కసారి గడియారం వంక చూసి, నాన్నకని కాచిన చారుకు మూతపెట్టేసేది.

ఆ మధ్య ఇద్దరినీ రామగుండం తీసుకెళ్లాను. ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. పొయ్యి లేదు, తిరిగే చక్రం లేదు; ఎండ తగిలితే పలకలోనే కరెంటు పుడుతుంది. నాన్న చెవి రిక్కించి చాలాసేపు నిలబడ్డాడు. చప్పుడు లేని ప్లాంటు ఆయనకు నమ్మకం కలిగించలేదనుకుంటా. "మబ్బు పడితే?" అన్నాడు. లోడు పడిపోతుందన్నాను. "పొద్దుగూకితే?" డ్యూటీ దిగిపోతుందన్నాను. "ఈ ఉద్యోగమేదో మీ నాన్నకుంటే బాగుండేది" అంది అమ్మ.

నాన్న మాత్రం నవ్వలేదు. జనం లైట్లు వేసుకునేదే పొద్దుగూకాక కదా, అప్పుడెవరు ఎక్కుతారు డ్యూటీ అని ఆయన పట్టు. నా దగ్గర జవాబు లేకపోలేదు, బ్యాటరీల సంగతి చెప్పాను. జలవిద్యుత్ గురించీ చెప్పాను. కానీ పాల్వంచలోనే 2018లో 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ వచ్చిందని ఆయనకూ తెలుసు.

2024 ఆగస్టు 5న పాత టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చేశారు. వీడియో ఫోన్‌కి వచ్చింది. కూలడం మొదలవకముందే ఆపమన్నాడు నాన్న. కళ్లద్దాలు సవరించుకుని, తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాడు.