గుండెలో గోడ

హైదరాబాదు

ప్రియమైన సుధా,

సాంస్కృతిక పునరుజ్జీవనం అనగానే లియొనార్డో, మైకెలాంజెలో అంటారే తప్ప మా అనాటమీవాళ్ళ ఊసెత్తరేమని దెప్పావు కదా. సరే, ఈ ఉత్తరమంతా మీ వెసాలియస్ గురించే.

బ్రస్సెల్స్‌లో పుట్టిన ఆండ్రియాస్ వెసాలియస్ 1537లో, 23 ఏళ్ళైనా నిండకముందే, పాడువా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి కుదిరాడు. అప్పటి తరగతిలో ఆచార్యులవారు ఎత్తు పీఠమెక్కి ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథం చదివేవారు. కింద ఒక క్షురకుడు శవాన్ని కోసేవాడు. చదివే ఆయన శవాన్ని ముట్టడు, కోసేవాడికి లాటిన్ రాదు. వెసాలియస్ పీఠం దిగొచ్చి కత్తి తానే పట్టాడు.

గాలెన్ మాట 1300 ఏళ్ళుగా వేదవాక్కు. ఆయన కోసి చూసినవేమో కోతులూ పందులూ. అందుకే మనిషి కింది దవడలో రెండెముకలన్నాడు. వెసాలియస్‌కు ఒకటే దొరికింది. రొమ్ముటెముక ఏడు ముక్కలన్నది మూడుకొచ్చింది. పారిస్‌లో ఆయన గురువు సిల్వియస్‌కు ఇది మింగుడు పడలేదు. గాలెన్ పొరబడలేదు, ఆయన కాలం తర్వాత మనిషి శరీరమే మారిపోయిందని వాదించాడు! ఇలాంటి గురువులు మనకూ తెలుసులే.

1543లో బాసెల్‌లో ఒపోరినస్ అచ్చేసిన వెసాలియస్ మహాగ్రంథంలో చర్మం ఒలిచిన మనుషులు గుట్టలూ ఊళ్ళూ వెనకపెట్టుకుని తాపీగా నిలబడి ఉంటారు. ఆ చెక్క అచ్చుల్ని ఇటలీ నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటించి పంపారు. బొమ్మలు గీసిందెవరో పండితులు ఇంకా తగవులాడుకుంటున్నారు, ఆడుకోనీ.

నాకు మాత్రం దవడ కన్నా గుండె దగ్గర జరిగిందే ముఖ్యం. కుడి గదిలోని రక్తం మధ్యగోడలో ఉన్న సన్నటి రంధ్రాల గుండా ఎడమ గదికి పోతుందని గాలెన్ సిద్ధాంతం. వెసాలియస్ వెతికాడు. గోడమీద గుంటలున్నాయి, ఒక్కటీ అవతలికి తెరుచుకోలేదు. అయినా 1543 ముద్రణలో, కంటికి ఆనని దారుల్లో రక్తాన్ని చెమర్చేలా చేసిన సృష్టికర్త నేర్పును మెచ్చుకుని ఊరుకున్నాడు. 1555 ముద్రణలో గానీ, కాస్తంత రక్తమైనా ఆ గోడ దాటి ఎలా పోగలదో తనకు అంతుపట్టడం లేదని రాయలేదు.

పిరికితనమంటావేమో, నేననను. దవడ విషయంలో ఎముకను చేతికిచ్చి చూపిస్తే సరిపోయింది. ఇక్కడ రంధ్రాలు లేవంటే, మరి రక్తం ఏ దారిన పోతోందని అడుగుతారు. ఆయన దగ్గర జవాబు లేదు. రక్తం గుండ్రంగా తిరిగొస్తుందన్న సంగతి, అదే పాడువాలో చదువుకున్న విలియం హార్వే 1628లో అచ్చేసేదాకా లోకానికి పూర్తిగా తెలియలేదు. చేతిలో కొత్తది లేకుండా పాతదాన్ని కాదనడానికి పన్నెండేళ్ళు పట్టడం నాకేమీ వింతగా లేదు.

ఈసారి మీ పిల్లల చేత గుండె కోయించేటప్పుడు, మధ్యగోడ దగ్గర కాసేపు ఆపి ఆ గుంటల్లోకి సూది దూర్చి చూడమను. వాళ్ళేమన్నారో తప్పక రాయి.

నీ
వసంత