స్పాక్ చెప్పని అక్క

మా తమ్ముడికీ నాకూ ఏళ్ళ తరబడి తెగని గొడవ ఒకటుంది. ఆస్తి గొడవ కాదు, పంచుకోడానికి మా నాన్న ఏమీ మిగల్చలేదు. స్టార్ ట్రెక్ గొడవ.

నవ్వకండి. ఇంజినీరింగ్ హాస్టల్లో సీనియర్ల పెన్‌డ్రైవుల్లోంచి వాడికి పట్టుకున్న పిచ్చి అది. సెలవులకొచ్చి నాకూ అంటించాడు. నేనప్పుడు పీహెచ్‌డీలో ఉన్నా. పగలు ప్రబంధాలు, రాత్రి అంతరిక్ష నౌకలు. ఆ తర్వాత 2017 సెప్టెంబరులో 'స్టార్ ట్రెక్: డిస్కవరీ' మొదలైంది. నాయిక మైకేల్ బర్న్‌హామ్, నల్లజాతి స్త్రీ. కథ జరిగేది 1966 నాటి మొదటి సీరియల్‌కి సుమారు పదేళ్ళ ముందు. అంటే ముందేం జరగబోతోందో అభిమానులకి యాభై ఏళ్ళుగా తెలుసు. ఇక చూస్కోండి.

తెలుగు చదువుకున్నవాళ్ళకి ఈ తగువు కొత్తేం కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ మధ్య ఖాళీని ఎర్రన 14వ శతాబ్దంలో పూరించాడు. నన్నయ ధోరణిలో మొదలెట్టి మెల్లగా తిక్కన ధోరణిలోకి దించాడని మనం క్లాసుల్లో మెచ్చుకుంటాం. ముందూ వెనకా తెలిసిపోయిన కథలో మధ్య ముక్క రాసేవాడి తిప్పలు అవి. అతుకు కనపడకుండా రాస్తే మహాకవి. కనపడితే ప్రక్షిప్తం అంటాం. డిస్కవరీని మా తమ్ముడు మొదటి వారమే ప్రక్షిప్తాల్లో పడేశాడు.

వాడి అభ్యంతరాల్లో కొన్ని న్యాయమైనవే. డిస్కవరీ నౌకకి స్పోర్ డ్రైవ్ ఉంది. క్షణంలో ఎక్కడికైనా ఎగిరిపోతుంది. మరి అది ముందే ఉంటే, తర్వాతి కాలంలో జరిగే 'వాయేజర్'లో కెప్టెన్ జేన్‌వే డెబ్భై వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుని ఇంటికి డెబ్భై ఐదేళ్ళ ప్రయాణం అని ఎందుకు ఏడవాలి? దీనికి నా దగ్గరా జవాబు లేదు.

క్లింగాన్ల ముఖాల సంగతి మాత్రం ఒప్పుకోను. 1960ల్లో నటుల ముఖాలకి ముదురు రంగు పూసి క్లింగాన్లని చేశారు. విలన్ అంటే ఒళ్ళు నల్లగా ఉండాలన్న తెలివి మన సినిమాలదే అనుకునేదాన్ని. 1979 సినిమాలో నుదుటి మీద గట్లు మొలిచాయి. అలా ఎందుకు మారాయో చెప్పే కథ 2005లో గానీ రాలేదు. అన్నేళ్ళు ఓర్చుకున్నవాళ్ళు 2017లో మళ్ళీ ముఖాలు మారేసరికి కొంప మునిగిందన్నారు.

ఇంకో ఫిర్యాదు స్వరం మీద. మరీ చీకటిగా ఉంది, యుద్ధమే యుద్ధం, బర్న్‌హామ్ ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది అని. అదే నెలలో మొదలైన 'ది ఆర్‌విల్' సరదాగా ఉంది కాబట్టి అసలైన ట్రెక్ అదేనని కొందరు తీర్పిచ్చేశారు. దళిత కవిత్వంలో ఆవేశం ఎక్కువ, కవిత్వం తక్కువ అనే మాట నా వైవా నుంచి స్టాఫ్ రూమ్ దాకా వింటూనే ఉన్నా. స్వరం గురించి మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు మొదటినుంచీ అనుమానమే.

అసలు గొడవ స్పాక్ దగ్గరుంది. బర్న్‌హామ్‌ని పెంచింది స్పాక్ తల్లిదండ్రులు. వరసకి అక్క. పోయిన ఆదివారం ఫోన్లో మా వాడు మళ్ళీ అదే ఎత్తుకున్నాడు.

"అక్కా, సాహిత్యం పక్కన పెట్టు, లాజిక్ చెప్పు. యాభై ఏళ్ళలో స్పాక్ ఒక్కసారైనా నాకో అక్కుందని అన్నాడా?"

స్పాక్ అంతేరా అన్నాను. 1967లో కన్న తండ్రి నౌకలోకి ఎక్కేదాకా ఆయన ఎవరో కెప్టెన్ కర్క్‌కే చెప్పలేదు. సవతి అన్న సైబాక్ ఉన్నాడని 1989 సినిమా దాకా ఎవరికీ తెలీదు. వాడు తగ్గలేదు. ఒకటి రెండు ఓకే, అక్కని కూడా దాస్తాడా అన్నాడు.

"నీ ఆఫీసులో నీకో అక్కుందని ఎంతమందికి తెలుసురా?"

అనాలని అనలేదు, నోరు జారింది. అవతల ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

రెండేళ్ళ కిందటి మాట. లంచ్ టైములో ఎవరో రిజర్వేషన్ల మీద నా పోస్టు చూపించి నవ్వారట. మీ ఇంటిపేరే కదా, చుట్టాలా అని వాణ్ణడిగారట. "ఆ ఇంటిపేరు చాలామందికి ఉంటుంది" అన్నాడు వాడు. ఆ రాత్రి వాడే ఫోన్ చేసి చెప్పాడు. నేను ఊఁ అన్నాను. మర్నాడు ఫస్టియర్ క్లాసులో పాఠం ఎక్కడ ఆపానో గుర్తు రాక నిలబడిపోయాను.

కానీ సగం కథే చెబితే తప్పు. ముందు తెంపుకుంది నేనే. ఒక పోస్టు కింద బూతులు, బెదిరింపులు మొదలైనప్పుడు, నా ఫ్రెండ్స్ లిస్టు పట్టుకుని మావాళ్ళెవరో వెతకడం మొదలైంది. రాత్రికి రాత్రి వాణ్ణి తీసేశాను. ఎందుకో చెప్పలేదు. డిస్కవరీ రెండో సీజన్‌లో తెలుస్తుంది, చిన్నప్పుడు బర్న్‌హామ్ స్పాక్‌ని గుండె కోసేలా తిట్టి వెళ్ళిపోతుంది. తన వల్ల ఆ ఇంటికి ప్రమాదం ఉంది, వాడు తన వెంట రాకూడదని. ఆ సీన్ దగ్గర నేను ఆపేసి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఊరికే నిలబడ్డా.

ఆ సీజన్ చివర్లో అతుకు కుదర్చడానికి రచయితలు ఏం చేశారో చూడండి. నౌకని తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ముందుకి పంపేశారు. తర్వాత డిస్కవరీ పేరుగానీ, అందులోని మనుషుల పేర్లుగానీ ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే రాజద్రోహం. ఆ సలహా ఇచ్చేది ఎవరో కాదు, స్పాకే. అభిమానులు హమ్మయ్య అనుకున్నారు, లెక్క సరిపోయింది. మా తమ్ముడు చప్పట్లు కొట్టాడు. ఆమె పేరు చెరిపితే తప్ప పాత పుస్తకం శుభ్రపడలేదు మరి. మూడో సీజన్ చివర ఆమె కెప్టెన్ అవుతుంది. అయ్యేది మాత్రం తన పేరే తెలియని కాలంలో.

ఆదివారం ఆ ఫోన్ ఎలా ముగిసిందో సరిగ్గా గుర్తులేదు. అమ్మ బీపీ మాత్రల గురించి ఏదో మాట్లాడుకున్నాం.

ఇది పోస్టు చేసే ముందు వాడికి చదివి వినిపించాను. పేరు పెట్టనులే అన్నాను. కాసేపాగి, "స్పోర్ డ్రైవ్ గురించి ఇంత తక్కువ రాశావేంటక్కా" అన్నాడు.