కారు కింద ఎవరు చూస్తారు?

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గర్లో కాపురం ఉన్నవాళ్లకి తుప్పు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా కిటికీ ఊచలకి ఏటా రంగు వేయించాల్సిందే. ఉప్పు జాడీ మూత తీసి ఉంచితే చెమ్మ పట్టేస్తుంది కదా, గాలిలో వచ్చే ఉప్పు కూడా ఇనుము మీద చేరి అలాగే తేమని లాక్కుంటుంది. ఇంత తెలిసీ కారు అడుగు సంగతి మాత్రం నేను పట్టించుకోలేదు. కారు కింద ఎవరు చూస్తారండీ?

ఆ కారు మా మావయ్యగారు కొన్నది. ఆయన పోయాక అమ్మేద్దామంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. ఆవిడని గుడికి తీసుకెళ్లాలన్నా, వానొస్తే మా అమ్మాయిని కాలేజీలో దింపాలన్నా అదే.

మూడేళ్ల క్రితం సర్వీసింగుకి ఇచ్చినప్పుడు అడుగున తుప్పు మొదలైందన్నారు. "గీకి, ప్రైమరు వేసి, ఆరాక కోటింగు కొట్టాలమ్మా. రెండ్రోజులు పడుతుంది" అన్నాడు మెకానిక్కు. మర్నాడే అన్నవరంలో మా ఆడపడుచు వాళ్ల వ్రతం. మా వారు ఊళ్లో లేరు. "అవన్నీ వద్దులే బాబూ, పైన నల్లగా కొట్టేసి సాయంత్రానికి ఇచ్చెయ్యి" అన్నాను. బేరమాడి డబ్బు తగ్గించుకున్నానని మురిసిపోయాను కూడా.

మొన్న వానాకాలంలో కారు తలుపు తీస్తే ముక్క వాసన. మ్యాటు ఎత్తితే కింద కార్పెట్టు తడిసి ముద్దయి ఉంది. దాన్నీ లాగి రేకు మీద వేలితో నొక్కితే అప్పడంలా పెళపెళలాడింది. మా అమ్మాయి కాళ్లు పెట్టుకునే చోటది.

ఈసారి వేరే షెడ్డుకి తీసుకెళ్లాను. కారు పైకి లేపితే నేనూ కిందకి వెళ్లి చూశాను. నల్లగా, నున్నగా బాగానే ఉంది, అక్కడక్కడ ఉబ్బింది అంతే. మెకానిక్కు స్క్రూడ్రైవరుతో తట్టాడు. నల్లటి పొర పెచ్చులా ఊడి, దాంతోపాటు గుప్పెడు ఎర్రపొడి రాలింది. ఇంకోచోట స్క్రూడ్రైవరు రేకులోకి దిగిపోయింది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుందట. అందుకే పొరని పైకి తోస్తుంది. ఆ సందులోకి చేరిన నీళ్లు ఇక ఆరవు. "ఊరికే వదిలేసినా ఇంతకన్నా నయమేనమ్మా, కనీసం కనపడేది" అన్నాడు. తర్వాత టార్చి వేసి బ్రేకు పైపు చూపించాడు. అది కూడా తుప్పు పట్టి గరుగ్గా ఉంది. "ఇది పగిలితే ఆయిలు కారిపోతుంది, బ్రేకు పడదు." నా చేతులు చల్లబడిపోయాయి.

బాగుచెయ్యడానికి ఆరు రోజులు పట్టింది. పుచ్చిన రేకు కోసి కొత్తది వెల్డింగు చేశారు. మిగతాది వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకారు. సందుల్లో మిగిలిన తుప్పుకి మందు పూసి, జింకు ప్రైమరు వేసి, పూర్తిగా ఆరాకే కోటింగు కొట్టారు. సైలెన్సరుకీ బ్రేకులకీ అంటకుండా కాగితాలు చుట్టారు. అన్నిటికన్నా నాకు కొత్తగా అనిపించింది, తలుపుల అడుగునా గుమ్మాల కిందా నీళ్లు పోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయట! మట్టితోనో కోటింగుతోనో అవి మూసుకుపోతే లోపలినుంచి కుళ్లుతుంది. మీ కారుకీ ఉంటాయి, ఓసారి చూసుకోండి.

బిల్లు చూసి మా వారికి మండిపోయింది. పాత షెడ్డువాడు మోసం చేశాడని, రేపే వెళ్లి నిలదీస్తానని చెప్పులేసుకుని తయారు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. వాడి మీదకే పోతుంది. రాత్రి అన్నం పెడుతూ, "అతను రెండ్రోజులు అడిగాడండీ, నేనే వద్దన్నాను" అని చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మజ్జిగ పోసుకుంటూ, "పాప ఆ సీట్లోనే కూర్చుంటుంది కదా" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు వానల్లో వారానికోసారి, బీచి రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు తప్పకుండా, మంచినీళ్ల గొట్టంతో చక్రాల లోపలా అడుగునా కడుగుతాను. తడిమీద కవరు కప్పను. నెలకోసారి కింద పాత చీర పరుచుకుని, ఫోను టార్చితో చూస్తాను. మొదటిసారి మా వాచ్‌మన్ ఏదో పడిపోయిందనుకుని వచ్చి వెతకడం మొదలుపెట్టాడు. ఈమధ్య మా వారు కూడా వచ్చి పక్కన కూర్చుంటున్నారు. ఎక్కడైనా ఉబ్బిందా అని అడుగుతారు.