గుత్తి దారిలో కారిన గొట్టం

అనంతపురం పీఠభూమిని చూడనివారికి దాని సంగతి చెప్పాలంటే మొదట రాళ్ల గురించి, తరువాత నీళ్ల గురించి చెప్పాలి. అంతటా ఎర్రనేల, నడుమ నడుమ గుండ్రాళ్ల కొండలు, దూరదూరంగా వేపచెట్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వర్షం. అది కూడా వేరుశనగ పైరుకు కావలసిన నాడే కురుస్తుందన్న నమ్మకం లేదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకొంటాయి. తూర్పు తీరపు వానలు ఇంత దూరం వచ్చేసరికి పలచబడతాయి. అందుచేత ఇక్కడివారు బిందెడు నీటిని కూడా లెక్క చూచి వాడుకొంటారు.

ఈ ప్రాంతంలో వైద్య శిబిరాలు జరపడానికి మా సంఘం నుండి ఆరుగురం బయలుదేరాము. మాలో ఇద్దరు నర్సు అక్కలు. పల్లెల్లో వారికి ఇబ్బంది కలగకూడదని మా వ్యానులో చిన్న మరుగుదొడ్డి, దాని క్రింద మురుగు పట్టే ప్లాస్టిక్ ట్యాంకు అమర్చి ఉన్నాయి.

గుత్తికి ఇవతల ఒక పల్లెలో బోరు ప్రక్కన చెట్టు నీడకు వ్యాను ఆపాము. నీళ్లు పట్టుకొంటున్న ఒక పెద్దమ్మ వ్యాను క్రింద తడిని చూచి, "నాయనా, మా ఊరంతటికీ ఈ బోరే దిక్కు. ఆ కారేది ఏమి?" అని అడిగింది. వంగి చూస్తే ట్యాంకు గొట్టం నుండి మురుగు బొట్లు బొట్లుగా పడుతోంది. వెంటనే క్రింద బకెట్టు కట్టి, వ్యానును దూరంగా తీసికొనిపోయాము. తడిసిన మన్నును పారతో ఎత్తి, ఊరికి దిగువన గుంట తీసి పూడ్చాము. ఇక్కడ నేల అడుగున ఉన్నది నల్లరాయి. నీరు దాని పగుళ్లలోనే దాగి ఉంటుంది. పగుళ్లలో దిగిన మురుగు ఏ బోరులో తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ దారికి ఈ విషయంలో పాత జ్ఞాపకం ఒకటున్నది. దత్త మండలాల ప్రజలు ఎంతో ప్రేమించిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండ దగ్గర కలరాతో మరణించగా, గుత్తిలో సమాధి చేశారు. తరువాత ఆయన దేహాన్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. కలరా మలినమైన నీటి ద్వారా వ్యాపిస్తుందని లండనులో డాక్టర్ జాన్ స్నో 1854లో చూపేసరికి మన్రో పోయి ఇరవై ఏడేళ్లయింది. నేడు ఆ సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. తెలిసినవారికి బాధ్యత ఎక్కువ.

గుత్తిలో పైపుల పని తెలిసిన ఒక తమ్ముడు దొరికాడు. మురుగును సెప్టిక్ ట్యాంకు ఉన్నచోట ఖాళీ చేయించి, సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగించి, ఎండలో బాగా ఆరనిచ్చాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొన్నాడు. మురుగు గ్యాసు అంటుకొంటుందని దగ్గర బీడీ కూడా వెలిగించనివ్వలేదు. "అయ్యగారూ, బొట్టు పడేచోటే కారుతుందనుకోకూడదు. నీరు గొట్టం వెంబడి పాకి వచ్చి క్రింద పడుతుంది" అన్నాడు. ప్రతి అతుకుకూ వార్తాపత్రిక ముక్క చుట్టి, నీలిమందు కలిపిన నీరు ట్యాంకులో పోశాడు. రెండుచోట్ల కాగితం నీలమెక్కింది.

ఒకటి, ట్యాంకు మూతికి గొట్టం కలిసే అతుకు. ట్యాంకు ప్లాస్టిక్ వేరు, పీవీసీ గొట్టం వేరు. పీవీసీ గమ్ము ఆ ట్యాంకుకు అంటదు. పైగా నూరు లీటర్లు నిండితే నూరు కిలోల బరువు. గతుకుల్లో ట్యాంకు ఊగినప్పుడల్లా ఆధారం లేని గొట్టం అతుకు దగ్గరే బిగదీసికొంటుంది. అతడు అక్కడ గట్టి అతుకు వేయక, రబ్బరు తొడుగు ఎక్కించి, రెండు వైపులా స్టీలు క్లిప్పులు బిగించాడు. గొట్టాన్ని చట్రానికి ఇనుప పట్టీతో కట్టాడు. రెండవది, వాల్వులోని రబ్బరు రింగు ఎండి బిరుసెక్కింది. దానిని మార్చి, బండి గ్రీజు కాక సిలికోన్ గ్రీజు పూశాడు. బండి గ్రీజుకు కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయట. తరువాత మంచినీరు నింపి, గతుకుల దారిలో కొంతదూరం నడిపించి మళ్లీ చూచాడు. కాగితం పొడిగానే ఉన్నది.

అక్కడి నుండి గుంతకల్లు చేరాము. పెద్ద జంక్షను గదా! వెనుకటి రోజుల్లో రైలు మరుగుదొడ్ల మలినం నేరుగా పట్టాల మీదనే పడేది. పట్టాలు తుప్పుపట్టేవి. వాటి నడుమ పనిచేసే కూలీల బాధ చెప్పనలవి కాదు. నేడు పెట్టెల క్రింద బయో ట్యాంకులున్నాయి. వాటిలోని సూక్ష్మజీవులు మలినాన్ని నీరుగా, గ్యాసుగా మార్చివేస్తాయి. ప్రయాణికులు సీసాలు, ప్లాస్టిక్ సంచులు అందులో పడవేస్తే ట్యాంకు మూసుకొనిపోతుంది. దానిని చేతులతో సరిచేయవలసినవాడు కూడా ఒక తల్లి బిడ్డే.

ప్రియ పాఠకులారా, ఇశ్రాయేలీయులు పాళెములో ఉన్నప్పుడు మలాన్ని వెలుపల గుంటలో కప్పిపెట్టాలన్న ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఉన్నది. అంత చిన్న సంగతిని కూడా దేవుడు చిన్నదిగా ఎంచలేదు. మీ ఇంటి మరుగుదొడ్డి గొట్టాన్ని, సెప్టిక్ ట్యాంకు అతుకులను ఏడాదికొకసారైనా చూడండి. బావికీ బోరుకూ ఎగువన మురుగు గుంట తీయకండి. మన మలినం పొరుగువాని బిందెలోనికి చేరకుండా చూచుకొనడం కూడా పొరుగువానిని ప్రేమించడమే.