బండి వెనక బండి

పిల్లలూ! నత్త ఎక్కడికి పోయినా తన ఇంటిని వీపున మోసుకునే పోతుంది. అమెరికాలో కొందరు మనుషులు కూడా అట్లాగే చేస్తారు. వాళ్ళ ఇంటికి చక్రాలు, ఇంజను ఉంటాయి. లోపల పడకలు, పొయ్యి, నీళ్ళతొట్టి, స్నానాలగది అన్నీ అమర్చి ఉంటాయి. ఈ ఇంటిని మోటార్‌హోమ్ అంటారు. పెద్దవి 30 నుంచి 40 అడుగుల పొడవు ఉంటాయి. అంటే ఇంచుమించు మన బస్సంత!

అటువంటి ఇంటిలో కూర్చుని మనం మొంటానా రాష్ట్రానికి పోతున్నాం అనుకోండి. అక్కడ కెనడా సరిహద్దు పక్కన గ్లేషియర్ జాతీయ వనం ఉన్నది. దానిని 1910లో ఏర్పాటు చేశారు. మంచుకొండలు, లోతైన సరస్సులు, కొండమేకలు చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ వనాన్ని అడ్డంగా దాటుతూ సుమారు 80 కిలోమీటర్ల రోడ్డు ఒకటి పోతుంది. దాని పేరుకు అర్థం ‘సూర్యుని దగ్గరకు పోయే బాట’ అని. కొండను తొలిచి వేసిన ఈ బాటను 1933లో ప్రారంభించారు. దాని శిఖరం లోగన్ కనుమ, ఎత్తు 6,646 అడుగులు. ఒక పక్క నిటారుగా రాతిగోడ, మరొక పక్క అగాధమైన లోయ. మంచు తొలగించి బాట అంతా తెరిచే సరికి సాధారణంగా జూన్ ఆఖరో, జూలై నెలో అవుతుంది.

కాని మన ఇల్లు ఆ బాట ఎక్కలేదు! నడిమి భాగంలో 21 అడుగుల కన్న పొడవైన బండిని, అద్దాలతో సహా 8 అడుగుల కన్న వెడల్పైన బండిని పోనివ్వరు. ఇంత దూరం వచ్చి, కనుమ చూడకుండా వెనక్కు పోవలసిందేనా?

ఇందుకే చాలామంది మోటార్‌హోమ్ వెనక చిన్న కారు ఒకటి కట్టుకుని వస్తారు. మన ఊళ్ళలో ఎడ్లబండి వెనక ఆవుదూడను కట్టి నడిపించుకుపోవటం చూశారు కదా? ఇదీ అంతే. కారును మరొక బండిమీద ఎక్కించరు. దాని నాలుగు చక్రాలూ నేలమీదనే దొర్లుతాయి. దానిని ‘డింగీ’ అని పిలుస్తారు. ఓడ వెనక కట్టే చిన్న పడవ పేరు అది. ‘టోడ్’ అని కూడా అంటారు. ఇంగ్లీషులో లాగబడిన దానికీ, గోదురుకప్పకూ ఒకటే ఉచ్చారణ!

అయితే ఏ కారైనా కట్టవచ్చునా? కట్టరాదు. ఎందుకో చూడండి.

ఇంజను బలం గేరుపెట్టె ద్వారా చక్రాలకు పోతుంది. గేరుపెట్టెలో పళ్ళచక్రాలు ఒరుసుకోకుండా ఎప్పుడూ నూనె తడుపుతూ ఉండాలి. తమంతట తామే గేర్లు మార్చుకునే కార్లలో ఆ నూనెను పంపు తోడుతుంది. చాలా కార్లలో ఆ పంపును తిప్పేది ఇంజనే. మరి వెనక కట్టిన కారులో ఇంజను ఆగి ఉంటుంది. చక్రాలు మాత్రం తిరుగుతూ, గేరుపెట్టెలోని భాగాలను తిప్పుతూ ఉంటాయి. నూనె అందదు. వేడెక్కి, అరిగి, గేరుపెట్టె పాడైపోతుంది. ముందున్న డ్రైవరుకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు!

చేతితో గేర్లు మార్చే కార్లు కొన్నింటిలో ఈ చిక్కు లేదు. చక్రాలతోపాటు తిరిగే పళ్ళచక్రాలే నూనెలో మునిగి లేస్తూ, నూనెను చిమ్ముకుంటాయి. కాని అటువంటి కార్లు ఇప్పుడు అమెరికాలో చాలా తగ్గిపోయాయి. మరొక ఉపాయం జీప్ రాంగ్లర్ వంటి బండ్లలో ఉన్నది. అందులో గేరుపెట్టెకూ చక్రాలకూ నడుమ మరొక పెట్టె ఉంటుంది. దాని మీటను ‘న్యూట్రల్’కు తెస్తే చక్రాలకూ గేరుపెట్టెకూ సంబంధం తెగిపోతుంది. చక్రాలు ఎంత తిరిగినా గేరుపెట్టె కదలదు. అందుచేత ఇటువంటి బండ్లంటే ప్రయాణికులకు ఇష్టం. విద్యుత్ కార్లలో చాలావాటిని మాత్రం ఇట్లా లాగరాదు. చక్రాలు తిరిగితే మోటారు కూడా తిరిగి, కరెంటు పుట్టి హాని కలుగుతుంది.

పేరు చూసి కొన్నా మోసపోవచ్చును. హోండా సి.ఆర్‌.వి. అనే కారును 2014 మోడలు వరకు ఇట్లా లాగవచ్చును. 2015 మోడలులో గేరుపెట్టె మారింది, లాగటానికి వీలు లేకుండా పోయింది. అందుకని కొనేముందు, ఆ కారుతో, ఆ సంవత్సరానికి ఇచ్చిన పుస్తకంలో లాగటం గురించిన పుటలు చదవాలి. అమ్మేవాడి మాట చాలదు.

ఇక బరువు చూడాలి. ఒక చిన్న లెక్క చేద్దాం. మన మోటార్‌హోమ్ వెనక కొక్కెం 2,270 కిలోలు లాగగలదు. కారు బరువు 2,000 కిలోలు. సరిపోయింది అంటారా? ఆగండి. ఇల్లూ కారూ కలిసి 11,800 కిలోలు దాటరాదని తయారుచేసినవారు చెప్పారు. నీళ్ళు, సామాను, మనుషులతో ఇల్లే 10,000 కిలోలు తూగింది. ఇక మిగిలింది ఎంత? 1,800 మాత్రమే! కొక్కెం ఒప్పుకున్నా ఇల్లు ఒప్పుకోదు. ఈ రెండు లెక్కలలో ఏది తక్కువో దానినే పాటించాలి.

బరువు పెరిగితే ఆగటానికి ఎక్కువ దూరం పడుతుంది. కనుక ముందు బండి బ్రేకు వేయగానే వెనక కారు బ్రేకు కూడా పడే సాధనం అమరుస్తారు. కడ్డీ విరిగితే పట్టుకోవటానికి గొలుసులు, కారు పూర్తిగా విడిపోతే తనంతట తానే బ్రేకు వేసే మీట, వెనక దీపాలు కూడా ఉండాలి. కారు స్టీరింగు తాళం తీసి ఉంచాలి. ముందు చక్రాలు మలుపు తిరగాలి కదా! ఒక్కటి మటుకు చేయరాదు: బండిని వెనక్కు నడపరాదు. వెనక్కు నెడితే కారు ముందు చక్రాలు ఒక పక్కకు మడతపడి, కడ్డీ వంగుతుంది. దారి తప్పితే దిగి, కారు విప్పి, అప్పుడే వెనక్కు తిప్పుకోవాలి.

ఇవన్నీ సరిచూసుకుని వచ్చిన కుటుంబం సరస్సు ఒడ్డున విడిదిలో ఇంటిని నిలుపుతుంది. కారు విప్పి, మీటను తిరిగి మామూలు చోటికి తెస్తారు. జీపు పొడవు 16 అడుగులు దాటదు. కనుక అడ్డుచెప్పేవారు లేరు. రాతిగోడమీద నుంచి కారే నీటిధారలు దాటి, వంపులు తిరుగుతూ లోగన్ కనుమ చేరుతారు. అక్కడ తెల్లని కొండమేకలు రాళ్ళమీద నిలబడి చూస్తూ ఉంటాయి.

మీ ఇంట్లో బండి ఏదైనా ఉంటే, దానితో ఇచ్చిన పుస్తకం నాన్నగారిని అడిగి తీయండి. చెడిపోయినప్పుడు దానిని ఎట్లా లాగాలో అందులో రాసి ఉంటుంది. ఆ పుట ఎక్కడున్నదో ఇవాళే చూసి పెట్టండి.