టైరు నేలను వదలకూడదు

జర్మనీలో కారుకు షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు మార్చుకోవచ్చు. మార్చాక ఆలస్యం చేయకుండా తనిఖీకి తీసుకెళ్లాలి. వెళ్లకుండా తిరిగితే ఆ బండికి రోడ్డెక్కే అనుమతే పోతుంది. ఇక్కడి వాహన అనుమతి నిబంధనల్లో 19వ సెక్షన్ చెప్పేది ఇదే. అందుకే ఈ దేశంలో కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఏదైనా కొత్త భాగం కొనేముందు ధర కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి పరీక్ష పత్రం ఉందా? ఏ మోడల్ కారుకు, ఏ చక్రాల సైజుకు, ఎంత ఎత్తు వరకు సరిపడుతుందో ఆ పత్రంలో రాసి ఉంటుంది. ఇండియాలో సంగతి వేరు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద తీర్పు ఇస్తూ, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని తేల్చింది. మార్చుకో, కానీ కొలిచి చూపించు అనే పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. కొలిచే అలవాటు ఒకసారి వచ్చిందంటే కారును చూసే చూపే మారిపోతుంది.

నేను స్టుట్‌గార్ట్ పక్కన ఉంటాను. ఉద్యోగం బ్రేకుల సాఫ్ట్‌వేర్‌లో. సస్పెన్షన్ మాత్రం ఇష్టం కొద్దీ నేర్చుకున్నది. మా వీధి చివర ఉండే ఖమ్మం కుర్రాడొకడు నిరుడు సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ ఎం3 కొన్నాడు. ఈ90 తరం సెడాన్, నాలుగు తలుపులు, నాలుగు లీటర్ల వీ8 ఇంజిను. 8,300 ఆర్‌పీఎం దగ్గర 420 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆ తర్వాత తరం నుంచి ఎం3లో టర్బో సిక్స్ సిలిండర్ ఇంజిన్లే వచ్చాయి కాబట్టి ఈ వీ8 గొంతు కోసం వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజిను చక్కగా ఉంది గానీ షాక్ అబ్జార్బర్లు అలసిపోయాయి. వెనకవైపు ఒకదాని ఒంటి మీద నూనె తడి కూడా కనిపించింది.

"అన్నా, ఎలాగూ మార్చాలి కదా. బాగా కిందికి దించి, గట్టిగా పెట్టేద్దాం. రేసు కారులా ఉండాలి" అన్నాడు.

"గట్టిగా ఎందుకు తమ్ముడూ?"

"గట్టిగా ఉంటేనే కదన్నా పట్టు!"

ఈ మాట నేను హైదరాబాద్‌లో విన్నాను, ఇక్కడా విన్నాను. చాలామంది మనసులో నాటుకుపోయిన నమ్మకం ఇది. దీన్ని పీకి పారేయాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

కారు మలుపు తిరిగినా, ఆగినా, దూసుకెళ్లినా ఆ పని చేసేది నాలుగు టైర్లు నేలను తాకే నాలుగు ముక్కలే. ఒక్కో ముక్క ఇంచుమించు అరచేయంత. ఆ నాలుగు ముక్కల మీద పడే బరువు ఎంత నిలకడగా ఉంటే అంత పట్టు. గతుకు వచ్చినప్పుడు చక్రం పైకి లేవాలి, గతుకు దాటగానే మళ్లీ నేలను అందుకోవాలి. లేచినచోట బరువు పెరుగుతుంది, జారినచోట తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను వీలైనంత చిన్నవిగా ఉంచడమే సస్పెన్షన్ పని. స్ప్రింగు బరువు మోస్తుంది, షాక్ అబ్జార్బరు ఆ స్ప్రింగు ఊగిసలాటను అదుపు చేస్తుంది. బ్యాంకు తలుపు పైన బిగించే డోర్ క్లోజర్‌లో ఉండేవీ స్ప్రింగు, నూనే. నూనె దారి మరీ వదులైతే తలుపు ధడాలుమంటుంది, మరీ బిగిస్తే సగంలో నిలబడిపోతుంది. కారులోనూ అంతే. బిగుసుకుపోయిన షాక్ అబ్జార్బరు నున్నటి రోడ్డు మీద చురుగ్గా అనిపిస్తుంది, గతుకుల మీద మాత్రం చక్రాన్ని గాల్లో వదిలేస్తుంది.

స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు జతగా వచ్చి, సర్దుబాటు చేసుకునే వీలున్న కాయిల్‌ఓవర్ కిట్లలో మూడు పేర్లు మా ముందుకొచ్చాయి. బిల్‌స్టైన్ జర్మనీలోని ఎన్నెపెటాల్ కంపెనీ. గ్యాస్ ఒత్తిడి నింపిన మోనోట్యూబ్ షాక్ అబ్జార్బర్లకు పేరు మోసింది వాళ్లే. ఓలిన్స్ స్వీడన్‌ది, మోటోక్రాస్ రైడరు కెంత్ ఓలిన్ 1976లో పెట్టాడు. వాళ్ల రోడ్ అండ్ ట్రాక్ కిట్‌లో ఒకే నాబ్ తిప్పితే కంప్రెషన్ (చక్రం పైకి లేచేటప్పటి అదుపు), రీబౌండ్ (కిందికి దిగేటప్పటి అదుపు) రెండూ కలిసి మారతాయి. రోజువారీ బండికి అదే సుఖం. మూడోది కేడబ్ల్యూ. ఇది మాకు పొరుగు ఊరి సరుకే, స్టుట్‌గార్ట్‌కు ఈశాన్యంలో ష్వేబియన్ అడవుల మధ్య ఫిఖ్టెన్‌బెర్గ్‌లో తయారవుతుంది. అక్కడ వాళ్లకు సెవెన్ పోస్ట్ రిగ్ ఒకటుంది. నాలుగు స్తంభాలు చక్రాలను కింది నుంచి కుదుపుతుంటే, మూడు స్తంభాలు బాడీని పట్టి గాలి ఒత్తిడినీ, బరువు మళ్లడాన్నీ అనుకరిస్తాయి. కేడబ్ల్యూ వేరియంట్ 3లో రీబౌండ్ వేరు, కంప్రెషన్ వేరు. రీబౌండ్ రాడ్డు పై కొసన తిప్పాలి, కంప్రెషన్ షాక్ అబ్జార్బరు అడుగున. ఒంటికి స్టెయిన్‌లెస్ స్టీలు. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లే దేశంలో మరలు తుప్పుపట్టి బిగుసుకుపోతే ఎత్తు మార్చడం మన చేతుల్లో ఉండదు. కుర్రాడికి నేర్చుకోవాలన్న తపన ఉంది, అందుకే అది తీసుకోమన్నాను.

బిగింపు పని గంటల లెక్కన లిఫ్టు అద్దెకిచ్చే వర్క్‌షాపులో చేశాం. జర్మనీలో ఇవి చాలా ఊళ్లలో ఉంటాయి. అపార్ట్‌మెంట్ పార్కింగులో కారు విప్పుకుని కూర్చుంటే ఊరుకోరు మరి. పని వివరాలన్నీ రాయను గానీ ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. సస్పెన్షన్ చేతుల చివర రబ్బరు బుష్‌లుంటాయి. కారు లిఫ్టు మీద ఉండగా, చక్రాలు కిందికి వేలాడుతున్నప్పుడు వాటి బోల్టులు పూర్తిగా బిగించేస్తే, కారు కిందికి దిగగానే ఆ రబ్బరు మెలిపడిపోతుంది. ఎప్పుడూ మెలికలోనే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. పైగా అది దొంగ స్ప్రింగులా పనిచేసి ఎత్తు కొలతనూ తప్పు చూపిస్తుంది. అందుకే ఆ బోల్టులను వదులుగా ఉంచి, చక్రాల మీద బరువు పడ్డాకనే ఆఖరి బిగింపు. టార్క్ పానాతో ఆ చివరి చప్పుడు వినేదాకా మా కుర్రాడి ఓపికను మెచ్చుకున్నాను.

తర్వాత ఎత్తు. ముందువైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసే ఉంటాయి. వెనక మాత్రం స్ప్రింగు విడిగా, చేతి మీద కాస్త లోపలికి కూర్చుంటుంది. కాబట్టి వెనక ఎత్తు మార్చే మరల కాలరును ఒక మిల్లీమీటరు తిప్పితే చక్రం దగ్గర అంతకంటే ఎక్కువ మారుతుంది. చక్రం నడుమ నుంచి ఫెండరు అంచు వరకు టేపు పెట్టి నాలుగు మూలలూ కొలిచి రాసుకున్నాం. ఫెండరుకూ టైరుకూ మధ్య వేలు దూరనంతగా దించాలన్నది కుర్రాడి కోరిక. వద్దన్నాను, కారణమూ చెప్పాను. ఇలాంటి స్ట్రట్ సస్పెన్షన్‌లో కారును దించితే గురుత్వ కేంద్రం ఎంత దిగుతుందో, రోల్ సెంటర్, అంటే బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, అంతకన్నా ఎక్కువ దిగిపోతుంది. మలుపులో బాడీ పక్కకు ఒరిగేది ఈ రెండింటి మధ్య దూరాన్ని బట్టి. అంటే మరీ దించిన కారు అదే స్ప్రింగు మీద ఇంకా ఎక్కువ ఒరుగుతుంది! దానికి తోడు చక్రం పైకి కదిలే జాగా తగ్గి, చిన్న గుంతకే షాక్ అబ్జార్బరు బంప్ స్టాప్ అనే అడ్డు దిమ్మెకు గుద్దుకుంటుంది. పరీక్ష పత్రం అనుమతించిన పరిధిలో పై అంచు దగ్గరే ఆగిపోయాం. చూడ్డానికీ బాగానే ఉంది, అది వేరే విషయం.

తనిఖీకి వెళ్లాం. ఇన్‌స్పెక్టరు కిట్ మీద ముద్రించిన నంబరును పత్రంతో పోల్చాడు. కాలరు కింద ఇంకా ఎంత మర మిగిలి ఉందో స్కేలుతో కొలిచాడు. ఒక ముందు చక్రాన్ని ర్యాంపు మీదికి ఎక్కించి, స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పించి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందా అని టార్చి వేసి చూశాడు. ఎత్తు మారితే హెడ్‌లైట్ల చూపు మారుతుంది కాబట్టి అవీ సరిచూశాడు. కొత్త ఎత్తు కొలత బండి కాగితాల్లోకి ఎక్కింది. ఎక్కడా చేయి తడపనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. కొలత పరిధిలో ఉంటే చాలు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఎత్తు మారితే చక్రాల కోణాలైన క్యాంబర్, టో రెండూ మారతాయి కాబట్టి అలైన్‌మెంట్ ముందు చేయించాం. దాని గురించి పేజీలు రాయొచ్చు, ఇక్కడ వద్దు. ఇక షాక్ అబ్జార్బర్ల సెట్టింగు. క్లిక్కుల లెక్క ఎప్పుడూ పూర్తిగా బిగించిన చోటు నుంచి వదులు వైపుకే పెట్టుకోవాలి. కొసకు వచ్చాక బలం పెట్టకూడదు, లోపలి వాల్వు సూది పాడవుతుంది. కంపెనీ ఇచ్చిన సెట్టింగు మీద కొన్నాళ్లు తిరగమన్నాను. మావాడు ఆగలేదు. రీబౌండ్ దాదాపు పూర్తిగా బిగించేసి, ఏ81 ఆటోబాన్ మీద వెళ్లొచ్చి ఫోన్ చేశాడు.

"అన్నా, అదిరిపోయింది! అతుక్కుపోయినట్టుంది!"

ఆటోబాన్ నున్నగా ఉంటుంది. ఆదివారం పొద్దున్నే బాద్ ఉరాఖ్ నుంచి మ్యూన్‌సింగెన్ వైపు, ష్వేబియన్ ఆల్బ్ కొండల్లోకి ఎక్కే దారికి తీసుకెళ్లాను. వేగపరిమితి దాటాల్సిన పనేమీ లేదు. వాగు పక్కన చెట్ల నీడలో ఒక మలుపు, లోపల వరసగా అలల్లాంటి గతుకులు. మొదటి గతుకు బాగానే మింగింది. రెండోదానికి బిగుసుకుంది. మూడో గతుకుకు ముందువైపు బయటి చక్రం టకటకలాడుతూ పక్కకు జారింది.

"కంప్రెషన్ కూడా పెంచాలేమో అన్నా. మెత్తగా ఉన్నట్టుంది" అన్నాడు.

ఆపి, దిగి, ముందు షాక్ అబ్జార్బరు దుమ్ము తొడుగు పైకి జరిపి చూపించాను. బయల్దేరే ముందు రాడ్డుకు ఒక సన్నటి జిప్ టై కట్టి కిందికంటా తోసి ఉంచాను. షాక్ అబ్జార్బరు ఎంత లోపలికి మునిగితే అది అంత పైకి జరిగి అక్కడే ఆగుతుంది. జిప్ టై బంప్ స్టాప్‌కు అంటుకుని ఉంది. గతుకులేమో చిన్నవి. జరిగింది ఇదీ: రీబౌండ్ మరీ బిగుసుకోవడంతో మొదటి గతుకు దాటాక చక్రం కిందికి తిరిగి రావడానికి సమయం చాల్లేదు. అది పూర్తిగా దిగకముందే రెండో గతుకు, ఆపైన మూడోది. ఒక్కో గతుకుకు కారు ఇంకాస్త కుంగి, ఆఖరికి బంప్ స్టాప్ మీద కూర్చుంది. అక్కడి నుంచి సస్పెన్షన్ లేనట్టే. ఇలాంటిచోట కంప్రెషన్ పెంచితే జబ్బు కనిపించదు గానీ తగ్గదు.

కంప్రెషన్ ముట్టుకోకుండా రీబౌండ్ ఒక్కటే ముందు రెండువైపులా సమానంగా వదులు చేశాం. అదే మలుపు, అదే వేగం. ఈసారి మూడు గతుకులూ కాళ్లకు తెలిశాయి గానీ స్టీరింగు గీత తప్పలేదు. జిప్ టై సగంలోనే ఆగింది. మావాడు దాన్ని వేలితో ముట్టుకుని చూశాడు, ఏమీ అనలేదు, నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు.

ఒక్కసారి ఒక్కటే మార్చు, ముందు కంపెనీ సెట్టింగుకు వెళ్లు, ప్రతిసారీ అదే దారి, టైరు చల్లగా ఉండగానే గాలి ఒత్తిడి చూడు. ఈ నాలుగూ పాటిస్తే ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. లో స్పీడ్, హై స్పీడ్ డ్యాంపింగ్ అంటే కారు వేగం కాదు, రాడ్డు కదిలే వేగం. గంటకు రెండు వందల కిలోమీటర్ల మీద లేన్ మారినప్పుడు బాడీ ఒరిగేది నెమ్మదైన కదలిక. గంటకు ముప్పై మీద గుంతలో పడితే అది వేగమైన కదలిక. ఇది తెలియక చాలామంది ఆటోబాన్ కోసమని క్లిక్కులు బిగిస్తారు.

బరువు సర్దడం తర్వాతి మెట్టు. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, డ్రైవరు సీట్లో డ్రైవరంత బరువు ఉంచి, ఎదురెదురు మూలల మొత్తాలు సమానంగా వచ్చేలా కాలర్లు తిప్పాలి. ఒక మూల లేపితే ఆ మూలా, దాని కర్ణంగా ఉన్న మూలా రెండూ బరువెక్కుతాయి. వీధిలో తిరిగే కారుకు ఇది తప్పనిసరి కాదు. ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లకు ఎడమ మలుపూ కుడి మలుపూ ఒకేలా అనిపించాలంటే మాత్రం చేయించాల్సిందే.

ట్రాక్ అంటే మా కుర్రాడి మనసంతా న్యూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫే మీదే ఉంది. 1927లో తెరిచిన దారి, సుమారు 20.8 కిలోమీటర్లు, ఎత్తుపల్లాల మధ్య తేడా దాదాపు 300 మీటర్లు. టికెట్టు కొనుక్కుని సొంత కారుతో వెళ్లే రోజుల్లో అక్కడ వర్తించేది మామూలు రోడ్డు చట్టమే. కుడివైపు నుంచి దాటకూడదు, లాప్ టైము కొలవకూడదు. బీమా పత్రంలో ఆ దారికి మినహాయింపు ఉందేమో ముందే చదువుకోవాలి. గట్టిదనం గురించి నా మాట నమ్మనివాళ్లు అక్కడికి వెళ్లి చూడొచ్చు. ఫుక్స్‌రోరె లోయ అడుగున కారు మొత్తం నేలకు అదుముకుపోతుంది, దించేసిన కారుకు అక్కడ కదిలే జాగా మిగలదు. కారుసెల్‌లో కాంక్రీటు పలకల అతుకులు వరసగా తన్నుతాయి. ఫ్లాంట్స్‌గార్టెన్‌లో చక్రాలు తేలికైపోయి మళ్లీ నేల మీద పడతాయి. అన్ని రకాల నేలా ఒకే లాప్‌లో తగులుతుంది. నున్నటి సర్క్యూట్‌లో గెలిపించే సెట్టింగు అక్కడ డ్రైవరును భయపెడుతుంది. కార్ల కంపెనీలు తమ కొత్త బండ్లను ఏళ్ల తరబడి అక్కడ పరీక్షించుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

వసంతంలో అక్కడికి వెళ్దామంటున్నాడు. వెళ్లేముందు ముందువైపు కంప్రెషన్ కంపెనీ సెట్టింగు కన్నా ఒక క్లిక్కు వదులుగా ఉంచి చూడమన్నాను. ఆల్బ్ దారి మీద మళ్లీ జిప్ టై కట్టి కొలిచాకే ఒప్పుకుంటానన్నాడు.